వస్తానన్న మాట

మా రాజమండ్రిలో గుమ్మం దాటే మనిషి "వెళ్తున్నా" అనడు. "వస్తా" అంటాడు. వెళ్ళేవాడు వస్తాననడం ఏమిటో మనకు ఎవరూ నేర్పరు, ఎవరూ అడగరు. పోయినేడు మా పేపరు మిల్లుకి ఉత్తరాది నుంచి ఒక కుర్ర ఇంజనీరు వచ్చాడు. కష్టపడి తెలుగు నేర్చుకుంటున్నాడు. ఒక సాయంత్రం మా సూపర్‌వైజరు "వస్తానండీ" అని చెప్పి ఇంటికి పోయాడు. ఆయన నిజంగానే వస్తాడనుకుని పాపం ఆ అబ్బాయి చీకటి పడేదాకా ఆఫీసులో కూర్చున్నాడు. ఈ సంగతి తెలిసి మిల్లంతా పడీ పడీ నవ్వింది. నేనూ నవ్వాను. తర్వాత కొన్నాళ్ళకు అదే మాట మా ఇంట్లో చేసిన పని చూశాక ఆ అబ్బాయి ముఖం చూడాలంటే నాకు మొహమాటంగా ఉంది.

నా పేరు వీరభద్రం. మిల్లులో కెమిస్టుని. నా భార్య వైదేహి జ్ఞాపకశక్తి మీద పరిశోధన చేస్తుంది, పుణెలో ఒక ప్రైవేటు ల్యాబులో. సోమవారం తెల్లవారకముందే మధురపూడిలో విమానం ఎక్కి, హైదరాబాదులో ఇంకోటి మారి, మధ్యాహ్నానికి ల్యాబులో ఉంటుంది. శుక్రవారం సాయంత్రం అదే దారిలో వెనక్కి. అలాంటి ల్యాబు మా ఊళ్ళో లేదు, ఇలాంటి మిల్లు పుణెలో లేదు. ఉద్యోగం మానెయ్యమని నేను ఆమెను అనలేదు, ఆమె నన్ను అనలేదు. మేమిద్దరం ఇంత మర్యాదస్తులం కావడం వల్ల విమానాలవాళ్ళు బాగుపడ్డారు.

మేము మాత్రం బాగుపడలేదు. శుక్రవారం ఇంటికొచ్చేసరికి ఆమె చెవులు దిబ్బళ్ళు వేసి ఉండేవి. నేను ఒకటి చెబితే ఇంకోటి వినేది. శనివారం సగం నిద్రలో పోయేది. ఆదివారం భోజనం ముగిసేసరికి ముఖంలో సోమవారం వచ్చేసేది. మా కుందన మూడో తరగతి. అది రంగుల పెట్టె పట్టుకొచ్చినా, కథ చెప్పమన్నా, వైదేహి నోట ఒకటే మాట, "తర్వాతమ్మా." కొన్నాళ్ళకు కుందన బొమ్మలతో ఆడుకుంటూ తల్లి బొమ్మ చేత కూడా అదే అనిపించడం మొదలుపెట్టింది. అది చూసి నాకు నవ్వూ వచ్చింది, బాధా వేసింది.

అలాంటి రోజుల్లో ఒక శుక్రవారం వైదేహి మినపగింజంత వస్తువొకటి తెచ్చి నా అరచేతిలో పెట్టింది.

"ఏంటిది?" అన్నాను.

"దీన్ని చెవి వెనక అంటించుకుంటే దారి గుర్తుండదండీ."

"దారి గుర్తుండకపోతే ఇంటికెలా వస్తావు?"

"అబ్బా, ఆ దారి కాదు. ప్రయాణం. ఇక్కడ గుమ్మం దాటినట్టు, అక్కడ గుమ్మంలో కాలు పెట్టినట్టు ఉంటుందంతే. మధ్యలోదేదీ మనసులో నిలవదు."

వారం వారం ఎగిరేవాళ్ళను విమానం కంటే విమానం జ్ఞాపకమే ఎక్కువ పిండేస్తుందని వాళ్ళ ల్యాబులో తేలిందట. పోయిన వారం క్యూ, అంతకు ముందు వారం క్యూ, అన్నీ లోపల పేరుకుపోతాయి. సోమవారం వచ్చేలోపే రాబోయే క్యూకి కూడా కాళ్ళు పీకడం మొదలెడతాయి. ఈ గింజ ఆ పేరుకోవడాన్ని ఆపుతుంది. పెట్టుకున్న మనిషి మామూలుగానే నడుస్తాడు, మాట్లాడతాడు, టికెట్ చూపిస్తాడు, తనెవరో ఎక్కడికెళ్తున్నాడో తెలుస్తూనే ఉంటుంది. కాకపోతే జరిగింది జరిగినట్టే జారిపోతుంది.

"మరి మధ్యలో అంత ఖాళీ ఉంటే పిచ్చెక్కదా?"

"ఖాళీ ఉండదు. చిరుగుకి రఫ్ఫు చేసినట్టు మెదడే అతుకు వేసేస్తుంది. 'ఎప్పటిలాగే వచ్చాను' అనిపిస్తుంది. అతుకు ఎక్కడుందో వెతికినా దొరకదు. మా డైరెక్టరు మురిసిపోయేది దానికే."

మొదట్లో దానికి ఒక బటన్ పెట్టారట. నొక్కామో లేదో పెట్టుకున్నవాళ్ళకి గుర్తుండక, దారి పొడుగునా నొక్కుతూనే ఉన్నారట. అందుకని మాటకి మార్చారు. గింజ పెట్టుకున్న మనిషి సొంత గొంతే వింటుంది. గుమ్మం దగ్గర అలవాటుగా అనే మాట వినగానే ఆపుతుంది, చేరాక అనే మాట వినగానే మళ్ళీ మొదలెడుతుంది. తెలుగువాళ్ళ మాటలు పెట్టే పని వైదేహిదే.

"మనవాళ్ళు వెళ్తున్నా అనరు కదా. బయల్దేరడానికి 'వస్తా' పెట్టాను, చేరడానికి 'వచ్చేశా'. మా డైరెక్టరు సహస్రబుద్ధే గారు ఒప్పుకోరే! వస్తా అంటే రావడం కదా, వెళ్ళడమెలా అవుతుందని ఒకటే గొడవ. ఆ మాట కోసం నాలుగు మీటింగులు పెట్టించాను తెలుసా?" అంది గర్వంగా.

ఆ సోమవారం ఆమె చెవి వెనక గింజతో, చేతిలో పెట్టెతో గుమ్మంలో నిలబడి "వస్తానండీ" అంది. మధ్యాహ్నం ల్యాబు నుంచి ఫోను చేసింది. "వచ్చేశా! ఏవండీ, ఇప్పుడే కదా గుమ్మం దాటాను? మీరిచ్చిన కాఫీ ఇంకా నోట్లోనే ఉన్నట్టుంది!" ఆ గొంతులో అంత హుషారు విని ఎన్నాళ్ళయిందో. ఆమెకు దారిలో ఫోను చేసిన సంగతి మాత్రం గుర్తులేదు.

చేసింది. హైదరాబాదులో విమానం మారేటప్పుడు చేసింది.

"భద్రం! ఏం చేస్తున్నావ్?"

నేను ఉలిక్కిపడ్డాను. మేము వాల్తేరులో కలిసి ఎమ్మెస్సీ చదివాం. అప్పట్లో నన్ను భద్రం అనీ, నువ్వు అనీ, ఇంకా చాలా అనీ పిలిచేది. పెళ్ళయ్యాక మా అమ్మ ముందు మర్యాదకు మీరు, ఏవండీ అని మొదలుపెట్టింది. అమ్మ కాకినాడలో అన్నయ్య దగ్గరికి వెళ్ళిపోయాక కూడా ఆ మీరు మా ఇంట్లోనే ఉండిపోయింది. ఇన్నేళ్ళ తర్వాత ఆ నువ్వు హైదరాబాదు విమానాశ్రయం నుంచి ఫోనులో వచ్చింది. పక్క సీట్లో ఒకాయన బూట్లు విప్పి కూర్చున్నాడనీ, ఆ వాసనకు తన ఇడ్లీ కూడా పారిపోయేలా ఉందనీ చెప్పి తనే విరగబడి నవ్వింది. కాసేపాగి మళ్ళీ అదే చెప్పి మళ్ళీ అంతే నవ్వింది. నేనూ రెండుసార్లూ నవ్వాను.

ఈ సంగతి చెబితే వైదేహి సిగ్గుపడింది. "నిజంగా నువ్వు అన్నానా? ఛీ! ఇంకేమన్నాను?" అని ఒకటే ఆరా. తర్వాత కాసేపు ఆలోచించి, జ్ఞాపకం నిలవకపోతే మనసు ముందుకు చూడటం కూడా తగ్గుతుందేమో, దాంతో మనిషిలో జాగ్రత్తా తగ్గుతుందేమో, చూడాలి అని తనలో తను అనుకుంది. తన గురించి తనకే తెలియనిది దొరకడం ఆమెకు సరదాగా ఉంది. నేనైతే వారానికి రెండుసార్లు ఆ ఫోను కోసం ఎదురుచూడటం మొదలుపెట్టాను. కట్టుకున్న పెళ్ళాం కోసమే దొంగచాటుగా ఎదురుచూసే మొగుణ్ణి నేనొక్కణ్ణేనేమో.

కొన్ని నెలలు ఇల్లు తేలికపడింది. శుక్రవారం వైదేహి గుమ్మంలో "వచ్చేశా" అంటూ నవ్వు ముఖంతో అడుగుపెట్టేది. ఇంట్లో ఉండగానూ గింజ తీసేది కాదు, వారమంతా ఉంచుకోవాలని పరీక్షల నియమం. ఆదివారం మధ్యాహ్నాల్లో మునుపటి బెంగ మాత్రం పూర్తిగా పోలేదు. దారి గుర్తులేకపోయినా, వెళ్ళాలన్న సంగతి గుర్తుంటుంది కదా. "తర్వాతమ్మా" అన్న మాట తగ్గింది గానీ పోలేదు. అది కూడా పోయిన వారాలు మధ్యమధ్యలో వచ్చేవి. ఆ రెండు రోజులూ ఇంట్లో పండగే. అలా ఎందుకవుతోందని నేను ఆలోచించలేదు. సుఖంగా ఉన్నప్పుడు కారణాలు ఎవరు వెతుకుతారు?

అలాంటి ఒక శనివారం ముగ్గురం కడియం నర్సరీలకు వెళ్ళాం. కుందన అత్తిపత్తి మొక్క ఏరుకుంది. వైదేహి చీర మట్టి అవుతుందని కూడా చూడకుండా దాని పక్కనే కింద కూర్చుంది. ఆకు ముట్టుకోవడం, అది ముడుచుకోగానే కెవ్వుమనడం, తెరుచుకునేదాకా ఇద్దరూ ఊపిరి బిగబట్టడం, మళ్ళీ ముట్టుకోవడం. ప్రతిసారీ వైదేహి మొదటిసారి చూసినట్టే కేరింతలు కొట్టింది. నర్సరీ అతను కూడా పని మానేసి చూస్తూ నిలబడ్డాడు.

"నువ్వు కూడా రా భద్రం! ముట్టుకో, ఏం కాదు!" అంది వైదేహి.

నేను వెళ్ళి ముట్టుకున్నాను. ఆకు ముడుచుకుంది. అప్పుడు తట్టింది నాకు. దారిలో ఫోనులో తప్ప వినిపించని నువ్వు అంటోంది. కడియంలో, పట్టపగలు, కూతురి ఎదురుగా.

ఆ రోజుకి ఏమీ అనలేదు. నా అనుమానం నాకే పిచ్చిగా అనిపించింది. మరుసటి శుక్రవారం ఆమె ఇంటికొచ్చి, చెప్పులు విప్పుతూ, వరండాలో కుండీ చూసి, "అరె, అత్తిపత్తి! ఎవరు తెచ్చారండీ?" అంది.

కుందన లోపల హోంవర్కు చేసుకుంటోంది. నేను తలుపు దగ్గరికి వేసి వైదేహిని కూర్చోబెట్టాను.

"పోయిన శనివారం ఏం చేశాం మనం?"

"ఏం చేస్తాం, ఎప్పటిలాగే. మీరు చేపలు తెచ్చారు. పులుసు పెట్టాను. బావుంది."

"పోయిన వారం చేపలే తేలేదు."

ఆమె నవ్వబోయి ఆగింది. "మొన్నామధ్య ఒక శనివారం కుందన స్కూల్లో వార్షికోత్సవం అయింది కదా, గుర్తుందా?" అన్నాను.

"ఎందుకు లేదు? పాట పాడింది. బాగా పాడింది."

"ఏం పాట?"

వైదేహి నోరు తెరిచింది. కళ్ళు పైకెత్తింది, గోడ మీద వెతికింది, నా ముఖంలో వెతికింది. దొరకలేదు. ఆ రోజు పాట మధ్యలో కుందన మాట మర్చిపోతే, ముందు వరుసలోంచి లేచి నిలబడి అందించింది ఈవిడే. హాలంతా చప్పట్లు కొట్టింది. ఆ సంగతి చెబితే ఎవరో పక్కింటావిడ కథ విన్నట్టు విని, "నేనా?" అంది చాలా చిన్న గొంతుతో.

"అది తిరిగి రాదా?" అని అడిగాను.

"ఎక్కడి నుంచి వస్తుందండీ? దాచిపెట్టి తాళం వేస్తే తీయొచ్చు. అసలు లోపలికే వెళ్ళలేదు." తను శాస్త్రవేత్త, అందుకే అంత స్పష్టంగా చెప్పగలిగింది. చెప్పాక చీర కొంగు నోట్లో కుక్కుకుని చాలాసేపు కూర్చుంది. బిడ్డ పెరిగేది ఒక్కసారే. ఆ పెరగడంలో ఎన్ని శనాదివారాలు తన దగ్గర లేకుండా పోయాయో ఆమెకు తెలియదు. తెలుసుకునే దారీ లేదు, అతుకు వెతికినా దొరకదు కదా.

గింజ తీసి అవతల పారెయ్యమన్నాను. వద్దంది. "ఇంట్లో దేనికి ఆగిపోతోందో కనుక్కోవాలండీ. మన తెలుగువాళ్ళు ఇంకా చాలామంది పెట్టుకుని తిరుగుతున్నారు. వాళ్ళ ఇళ్ళల్లో ఏం జరుగుతోందో!" ఏడుపులో కూడా ఆ కుతూహలం పోలేదు. నేను పెళ్ళి చేసుకుంది దాన్ని చూసే.

మరునాడు పొద్దున్నే వంటింటిని ల్యాబు చేశాం. పద్ధతి నాది, చవకది. నేను ఆమె చూస్తుండగా పటికబెల్లం ముక్క ఒక డబ్బాలో దాస్తాను. ఏదో ఒక చప్పుడో మాటో పరీక్షిస్తాం. పావుగంట వేరే కబుర్లు చెప్పుకున్నాక పటికబెల్లం ఎక్కడుందో ఆమె చెప్పాలి. కుక్కర్ విజిల్ వేయించాం. "పోపు డబ్బాలో" అంది. కాలింగ్ బెల్ నొక్కాను. "రవ్వ డబ్బాలో" అంది. కుందన చేత ఎక్కాలు చదివించాం, ఫోను మోగించాం, చెప్పులు వేసుకుని వంటింట్లో నడిపించాను. అన్నీ సరిగ్గానే చెప్పింది. పటికబెల్లం సగం కుందన నోట్లోకి పోయింది.

"ఇక 'వస్తా' ఒక్కటే మిగిలింది," అన్నాను.

"అది గుమ్మం దగ్గర కదండీ అనేది? ఇంట్లో ఉంటూ ఎవరితో అంటాను?"

"అని చూడు."

"సరే. వస్తా," అంది వైదేహి, పప్పు గరిటె చేత్తో పట్టుకుని, ఎవరికో వీడ్కోలు చెప్తున్నట్టు.

పటికబెల్లం శనగపప్పు డబ్బాలో వేశాను. పావుగంటయ్యాక అడిగాను.

"పటికబెల్లమా? ఇంకా మిగిలిందా? నువ్వే తినేసి ఉంటావ్ భద్రం, నీ సంగతి నాకు తెలీదా!"

తలుపుతో, ప్రయాణంతో పనే లేదన్నమాట. ఒక్క మాట చాలు. అయినా నాకు అంతుపట్టలేదు. శుక్రవారం సాయంత్రం ఇంటికొచ్చిన మనిషి సోమవారం దాకా ఎక్కడికీ వెళ్ళదు. మరి వస్తా అని ఎవరితో అంటుంది? ఆ మాటే పైకి అన్నాను.

"నాతో అంటుంది నాన్నా," అంది కుందన.

అది ఫ్రిజ్ పక్కన నిలబడి ఉంది. నోట్లో పటికబెల్లం చప్పరించడం ఆపేసింది.

"నేను ఆడుకోడానికి వస్తావా అని అడుగుతా. అమ్మ వస్తా అంటుంది. అన్నాక... అమ్మ మంచిదైపోతుంది."

అప్పుడు అర్థమైంది నాకు. బిడ్డకు ఇచ్చిన మాటను గింజ వీడ్కోలు అనుకుంది, సోమవారం ల్యాబులో 'వచ్చేశా' అనేదాకా అలా ఆపేసే ఉంచింది. ల్యాబులో ఎవరూ ఎవరికీ మాట ఇవ్వరు కాబట్టి, ఆ మాటకు ఇంకో అర్థం ఉందని అక్కడ ఎవరికీ తోచలేదు, తెలుగు పుట్టుకతో వచ్చిన మా ఆవిడకు కూడా.

"అంటే నువ్వు కావాలనే అడుగుతావా?" అన్నాను.

కుందన తల ఊపింది. "తర్వాతమ్మా అన్నప్పుడు అడగను. అప్పుడు అడిగినా చూద్దాంలే అంటుంది. కాసేపాగి వస్తా అనేదాకా రకరకాలుగా అడుగుతా. షాపుకి వస్తావా, పైకి వస్తావా అని. వస్తా అంటే చాలు." పటికబెల్లం ముక్క బుగ్గలోకి తోసుకుంది. "తప్పా నాన్నా?"

నేను నోరు తెరిచేలోపే వైదేహి పకపకా నవ్వి దాన్ని లాగి ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. "ఓసి దొంగా! మా ల్యాబులో ఇంతమందిమి ఉండి కనిపెట్టలేనిది నువ్వు కనిపెట్టావా? బంగారు కొండ! తప్పేంటే, నేను నీదాన్నే కదా!" అని బుగ్గలు రెండూ ముద్దులతో తడిపేసింది. కుందన ఊపిరి పీల్చుకుంది. నేనూ పీల్చుకున్నాను. తర్వాత గుర్తొచ్చింది, ఈ క్షమించిన మనిషికి ఇది గుర్తుండదని.

"వైదేహీ, 'వచ్చేశా' అను."

"ఎందుకు?"

"అను ముందు."

"వచ్చేశా," అంది. ఒక్క రెప్పపాటు. ముఖంలో ఏదో సర్దుకుంది. "పటికబెల్లం ఎందులో వేశారు? మొదలుపెట్టారా ఏవండీ?" అని, ఒళ్ళోకి చూసి, "ఇదెప్పుడెక్కింది?" అంది.

కుందన నా వైపు చూసింది. చెప్పొద్దని ఆ చూపు. నాకూ చెప్పాలని లేదు. 'వస్తా' అన్న మాటకే ఆగిపోతోంది, మాట మార్చుకో అని ఊరుకుంటే ఎవరికీ ఏ బాధా ఉండదు. ఒకసారి క్షమాపణ దొరికిన తప్పును మళ్ళీ బయటికి తీయడం దేనికి? కానీ ఆ క్షమాపణ ఇచ్చినావిడ ఇప్పుడు ఎక్కడా లేదు. ఎదురుగా కూర్చున్నావిడకు తన శనివారాలు ఎవరు తీసుకున్నారో తెలియదు. అది దాచితే, నేనూ గింజ చేసే పనే చేసినట్టు.

"చెప్పు కుందూ," అన్నాను.

"చెప్పా కదా ఇందాకే!"

"ఆ అమ్మకి చెప్పావు. ఈ అమ్మకి చెప్పలేదు."

అది ఒళ్ళోంచి దిగి, నేల చూపులు చూస్తూ, మళ్ళీ మొదటి నుంచి చెప్పింది. ఇందాక గబగబా వచ్చిన మాటలు ఈసారి ఒక్కొక్కటే వచ్చాయి. వైదేహి నవ్వలేదు. ముద్దులు పెట్టలేదు. పొయ్యి మీద పప్పు అడుగంటుతోంటే కూడా లేవలేదు. నేనే వెళ్ళి కట్టేశాను.

చివరికి, "ఆ అమ్మ ఏం చేస్తుంది?" అని అడిగింది.

"తర్వాత అనదు. ఫోను చూడదు. అడిగిందే మళ్ళీ అడుగుతుంది, నేను మళ్ళీ చెప్తా. నాకలా బావుంటుంది. సోమవారం గురించి అసలు మాట్లాడదు. బొమ్మల పెళ్ళికి బాజా నోటితో వాయిస్తుంది."

"నేను బాజా వాయిస్తానా?"

"బాగా వాయిస్తావు."

వైదేహి ఇంకా అడిగింది. ఇంకా, ఇంకా అడిగింది. ఏం పాటలు, ఏం ఆటలు, నాన్నని ఏమంటుంది, నువ్వు ఏడిస్తే ఏం చేస్తుంది. ఊళ్ళో లేనప్పుడు తన ఇంట్లో ఎవరో ఆడమనిషి వచ్చి ఉండి వెళ్ళినట్టు, ఆవిడ తనకంటే బాగా కాపరం చేసినట్టు విన్నది. నాకు ఆమె మీద జాలేసింది. లోకంలో ఏ తల్లికీ తన మీద తనే అసూయపడే గతి పట్టకూడదు. అన్నీ విన్నాక చెవి వెనకకు చెయ్యి పోనిచ్చి, గోరుతో గింజను ఊడదీసి, ఖాళీ పసుపు డబ్బాలో వేసి మూత పెట్టింది.

కుందన ఒక్కసారిగా ఏడుపు మొదలెట్టింది. "ఆ అమ్మ ఇంక రాదా?"

వైదేహి ఆ డబ్బా తీసుకెళ్ళి పై అరలో వెనక్కి తోసింది. 

ఆ మధ్యాహ్నమే సహస్రబుద్ధేకి ఫోను చేసింది. మంచివాడే ఆయన. వెంటనే తెలుగువాళ్ళందరినీ గింజలు తీసెయ్యమని కబురు పంపిస్తానన్నాడు. రెండు రోజుల్లో మాట మార్చేద్దామన్నాడు. అంతటితో ఆగితే బాగుండేది. బిడ్డకు ఆ స్థితిలో ఉన్న తల్లే ఎక్కువ నచ్చడం చాలా ఆసక్తికరమైన విషయమనీ, దాని మీద విడిగా ఒక అధ్యయనం చేయొచ్చనీ అన్నాడు. వైదేహి ఎప్పుడూ పెద్దవాళ్ళ మీద గొంతు పెంచదు. ఆ రోజు ఆమె హిందీ మా పక్కింటిదాకా వినిపించింది.

ఆ తర్వాతి సోమవారం గింజ లేకుండానే వెళ్ళింది. హైదరాబాదు నుంచి ఫోను వచ్చింది. "ఏవండీ, ఫ్లైటు లేటు. తల పగిలిపోతోంది. కుందన టిఫిన్ తిందా?" అంతే. నేను "తింది" అన్నాను. ఫోను పెట్టేశాక తెలిసొచ్చింది. పోయింది ఒక్క కుందన తల్లేనా, నా వైదేహి కూడా పోయింది. ఆ సంగతి ఎవరితో చెప్పుకోను?

ఆమె మాత్రం ఊరుకోలేదు. ఆదివారాలు ఫోను తీసుకెళ్ళి బియ్యం డబ్బాలో పెట్టేది. తర్వాత అన్న మాట నోటిదాకా వస్తే నాలుక కరుచుకునేది. ఒకరోజు బొమ్మల పెళ్ళిలో నోటితో బాజా కూడా వాయించింది. కుందన కాసేపు విని, "నువ్వు యాక్టింగ్ చేస్తున్నావమ్మా," అంది. పాపం, అబద్ధమేం కాదు. వైదేహి లేచి స్నానాలగదిలోకి వెళ్ళి కుళాయి తిప్పుకుంది. నెలలో సగం రోజులు ఇక్కడి నుంచే పనిచేస్తానని ల్యాబుకు రాసింది. ఆ సంగతి ఇంకా నానుతూనే ఉంది.

మొన్న శుక్రవారం వర్షానికి విమానం మధురపూడిలో దిగలేక విశాఖపట్నం వెళ్ళింది. అక్కడి నుంచి బస్సులో, తడిసి, ఆకలితో, బాగా పొద్దుపోయాక ఇల్లు చేరింది వైదేహి. అమ్మ కోసం మేలుకుని ఉన్న కుందన, ఆ ఆలస్యంలో మంచం మీద బొమ్మ వేస్తూ, ఉతికిన దుప్పటి మీద రంగు నీళ్ళు ఒంపేసింది. గుమ్మంలోంచే అది చూసి వైదేహి కేకలేసింది. బుద్ధుందా అంది, ఎన్నిసార్లు చెప్పాలి అంది, చిన్నపిల్లవా అంది. కుందన తలుపు చాటుకు పోయి, ఏడ్చి, ఏడ్చి, అన్నం తినకుండా పడుకుంది.

పొద్దున్న కుందన పాల గ్లాసు పట్టుకుని బల్ల దగ్గర కూర్చుంది. ముఖం ఇంకా ఉబ్బే ఉంది. వైదేహి వచ్చి ఎదురు కుర్చీలో కూర్చుంది.

"రాత్రి నిన్ను తిట్టాను. దుప్పటి మీద రంగు పడిందని. తప్పు నాదమ్మా."

కుందన గ్లాసు దించింది. పెదవి పైన పాల గీత. "నీకు గుర్తుందా?"

"గుర్తుంది."

"ఏమన్నావ్?"

"నీకు బుద్ధుందా అన్నాను. చిన్నపిల్లవా అన్నాను."

"చిన్నపిల్లనే కదా."

"చిన్నపిల్లవే."

"ఏం రంగు పడింది?"

"ఊదా."

"నేను బొమ్మ ఏది వేశాను?"

"బస్సు. కిటికీలో నేనున్నాను. నా జడ బస్సు బయటికి వేలాడుతోంది."

కుందన అనుమానంగా, జాగ్రత్తగా, లెక్క సరిచూసే టీచరులా ఇంకా చాలా అడిగింది. వైదేహి అన్నిటికీ చెప్పింది. తను ఎంత గట్టిగా అరిచిందో, చెప్పులు ఎటు విసిరిందో, ఒక్కటీ తగ్గించకుండా చెప్పింది. నేను వంటింటి గుమ్మంలో కాఫీతో అలాగే నిలబడిపోయాను. ఒక్కో జవాబుకీ పిల్ల ముఖంలో బిగువు కొంచెం కొంచెం సడలుతోంది.

"నేను తలుపు చాటున ఏడుస్తుంటే విన్నావా?"

"విన్నాను. అవతలే నిలబడ్డాను."

"మరి ఎందుకు రాలేదు?"

వైదేహి బల్ల మీద పడ్డ పాల చుక్క వేలితో తుడిచింది. "కోపం పోలేదే," అంది. "రావాలనే ఉంది. రాలేకపోయాను."

కుందన దాని గురించి ఆలోచించింది. మిగిలిన పాలు తాగేసి, మూతి అరచేత్తో తుడుచుకుని, బల్ల చుట్టూ తిరిగి వచ్చి తల్లి ఒళ్ళో ఎక్కి కూర్చుంది.